అమ్మనడిగారా?

నాన్న పెద్దకర్మ రోజు. భోజనాలయ్యాయి. షామియానా ఇంకా విప్పలేదు. వరండాలో పెదనాన్న, ఇద్దరు బాబాయిలు, మావయ్య, అన్నయ్య కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. గుమ్మం పక్కన పీట మీద నేను. అరగంటలో అంతా తేలిపోయింది. తెనాలి దగ్గర ఊళ్లో ఉన్న ఆ ఇల్లు అమ్మేయాలి. అమ్మ ఆర్నెల్లు హైదరాబాద్‌లో అన్నయ్య దగ్గర, ఆర్నెల్లు విజయవాడలో నా దగ్గర ఉండాలి. చెల్లి అమెరికాలో ఉంది కాబట్టి దానికి మినహాయింపు!

అందరూ మంచివాళ్లే. అమ్మంటే ప్రేమ ఉన్నవాళ్లే. అంత ఇంట్లో ఒక్కతే ఎలా ఉంటుందన్న బెంగతోనే ఆ మాటన్నారు. ఆ అరగంటా అమ్మ మాత్రం వంటింట్లో ఉంది. మా అందరికీ కాఫీ కలుపుతోంది.

నేను విలేకరిని. సర్పంచి నుంచి మంత్రి దాకా ఎవర్నైనా సరే ప్రశ్న అడగడం నా ఉద్యోగం. అయినా ఆ రోజు 'అమ్మనడిగారా?' అన్న ఒక్క ముక్క నా నోట రాలేదు. లోపలికెళ్లి గ్లాసులు తెచ్చి అందరికీ అందించాను. అంతే.

ఏడు నెలల తర్వాత, ఊరు కాని ఊళ్లో, ఓ సరస్సు ఒడ్డున ఆ ప్రశ్న మళ్లీ ఎదురైంది.

పురిటికెళ్లి...

చెల్లీ మరిదీ న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఉంటారు. న్యూయార్క్ అనగానే ఆకాశహర్మ్యాలు ఊహించుకోకండి. ఆ మహానగరానికి ఇది కారులో నాలుగ్గంటలకు పైగా దూరం. చలికాలంలో మోకాళ్లలోతు మంచు పడే ఊరు. చెల్లికి నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి అమ్మ వెళ్లాలి. సంవత్సరీకం కాకుండా సముద్రం దాటడమేమిటని మేనత్త గొణిగింది. అమ్మ వినిపించుకోలేదు. కాకపోతే ఒంటరిగా విమానం ఎక్కనంది. మూడువారాలు సెలవు పెట్టి నేనూ బయల్దేరాను. రెండు పెట్టెల్లో ఒకటి మా బట్టలు. రెండోదాన్నిండా ఆవకాయ, కారప్పొడి, బాలింతకు పెట్టే కాయం!

అక్టోబరు నెల. చెట్లన్నీ పసుపూ ఎరుపూ కలిసిన రంగుల్లో మెరిసిపోతున్నాయి. డాక్టరు చెల్లిని బాగా నడవమంది. ఓ శనివారం మరిది మమ్మల్ని ఊరిని ఆనుకునే ఉన్న ఒనొండాగా సరస్సు దగ్గరికి తీసుకెళ్లాడు. ఒడ్డునే ఓ మ్యూజియం. దానిపేరు 'స్కానో... మహాశాంతి ధర్మ కేంద్రం'. స్కానో అంటే ఒనొండాగా భాషలో శాంతి, క్షేమం. ఎదురుపడ్డవాళ్లని పలకరించే మాట కూడా అదే. గతంలో ఇక్కడ ఫ్రెంచి మతప్రచారకుల కథ చెప్పే మ్యూజియం ఉండేదట. 2015 నుంచి ఆ నేల అసలు మనుషుల కథ చెబుతోంది.

స్వెటరు మీద శాలువా, చెవులకు మఫ్లరు, సాక్సుల మీద చెప్పులు... ఆ వేషంలో ఉన్న అమ్మని చూసి అక్కడ పనిచేసే పెద్దావిడ ఒకరు నవ్వుతూ కుర్చీ వేశారు. ఆవిడ చెబుతుంటే నేను తెలుగులో అమ్మకి చెప్పాను. మధ్యమధ్యలో అమ్మ అడిగినవి ఇంగ్లిషులో ఆవిడకి చెప్పాను. ఈ కథలో సగం అలా రెండు భాషల మధ్య నిలబడి విన్నదే. మిగతా సగం తిరిగొచ్చాక పుస్తకాల్లో చదువుకున్నది.

ఒకే ఇల్లు... అయిదు పొయ్యిలు

వాళ్లు తమని తాము హోదెనొషోనీ అని పిలుచుకుంటారు. పొడవాటి ఇల్లు కట్టుకునేవాళ్లు అని అర్థం. ఫ్రెంచివాళ్లు ఇరోక్వాయ్ అన్నారు. చరిత్ర పుస్తకాల్లో చాలాకాలం ఆ పేరే నిలిచిపోయింది. నిజానికి ఇది ఒక తెగ కాదు. తూర్పు నుంచి పడమటికి వరసగా మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా... ఈ అయిదు జాతుల కూటమి. 1722 ప్రాంతంలో టస్కరోరాలు కూడా చేరారు. దక్షిణాన కరొలినా ప్రాంతంలో వలసవాదులతో యుద్ధంలో ఓడి, ఇళ్లూ వాకిళ్లూ పోగొట్టుకుని, ఆశ్రయం వెతుక్కుంటూ వచ్చినవాళ్లు వాళ్లు. అప్పటినుంచీ 'ఆరు జాతులు' అయ్యాయి.

వాళ్ల ఇల్లు చూడాలి! కర్రలు వంచి గుండ్రటి కప్పులా కట్టి, పైన ఎల్మ్ చెట్టు బెరడు పరుస్తారు. వెడల్పు ఇరవై అడుగులు. పొడవు మాత్రం వంద, రెండు వందల అడుగులు కూడా ఉంటుంది. మధ్యలో నడవ, దాని వెంట వరసగా పొయ్యిలు. ఒక్కో పొయ్యికి అటొక కుటుంబం, ఇటొక కుటుంబం. కొత్త పెళ్లి జరిగి చోటు చాలకపోతే ఇల్లు ఇంకాస్త పొడిగిస్తారు.

తమ దేశాన్ని కూడా వాళ్లు అలాంటి ఇల్లుగానే ఊహించుకున్నారు. ఆకాశమే కప్పు. తూర్పు గుమ్మానికి కాపలా మోహాకులది. పడమటి గుమ్మానికి సెనెకాలది. నట్టింట్లో నిప్పు ఆరకుండా చూసుకునే బాధ్యత ఒనొండాగాలది.

''ఆ ఇల్లు ఎవరి పేరున ఉంటుంది?'' అడిగింది అమ్మ. నేను ఇంగ్లిషులోకి మార్చాను.

''ఆడవాళ్లది'' అన్నారావిడ. పెళ్లయ్యాక అబ్బాయే అమ్మాయి ఇంటికి వెళ్తాడు. పుట్టిన పిల్లలు తల్లి వంశానికి చెందుతారు. తాబేలు, తోడేలు, ఎలుగుబంటి... ఇలా వంశాలకు జంతువుల పేర్లూ పక్షుల పేర్లూ ఉంటాయి. ఒకే వంశంవాళ్లు పెళ్లి చేసుకోకూడదు. వేరే జాతివాడైనా సరే, తనదీ తాబేలు వంశమే అయితే అన్నదమ్ముడి కిందే లెక్క.

''మన గోత్రాల్లాగానే'' అంది అమ్మ. ఆగి, తనే మళ్లీ అంది. ''కాకపోతే తల్లి గోత్రం.''

అక్కడే గోడ మీద మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి బొమ్మలున్నాయి. ముగ్గురు అక్కచెల్లెళ్లు అంటారు వాటిని. మూడూ ఒకే మట్టి దిబ్బ మీద నాటతారు. మొక్కజొన్న మీదికి చిక్కుడు తీగ పాకుతుంది. చిక్కుడు నేలకు సత్తువనిస్తుంది. గుమ్మడి ఆకు నేలంతా కప్పి కలుపు రానివ్వదు, తడి ఆరనివ్వదు. సేద్యం ఆడవాళ్లదే. గింజ కూడా వాళ్ల చేతిలోనే. అమ్మ పల్నాడు పిల్ల. జొన్నలో కంది వేసే ఇంట్లో పుట్టింది. ''చిక్కుడుకి కర్రలు పాతే పనే లేదన్నమాట'' అని మెచ్చుకుంది.

ఏడుపు దగ్గర మొదలైన ధర్మం

ఈ కూటమి ఎలా పుట్టిందో చెప్పే కథ మహాభారతమంత పెద్దది. మొత్తం చెప్పాలంటే వాళ్లలోనే రోజులు పడుతుంది. నాకు అర్థమైనంత చెబుతాను.

అప్పట్లో ఈ అయిదు జాతులూ ఒకరినొకరు చంపుకునేవి. నీ మనిషి నా మనిషిని చంపాడు కాబట్టి నేను నీ మనిషిని చంపుతాను. దానికి బదులు నువ్వు మళ్లీ... పగకి అంతులేదు. ఆ సమయంలో ఒంటారియో సరస్సుకు ఉత్తరాన హ్యూరన్ జనంలో ఒకాయన పుట్టాడు. ఆయన అసలు పేరును వాళ్లు ఊరికే పలకరు. మనం పెద్దల పేరు పెట్టి పిలవనట్టే. శాంతిదూత అంటారు. తెల్లటి రాతి పడవలో సరస్సు దాటి వచ్చాడట. చంపుకోవడం మానేయండి, కలిసి ఆలోచించుకోండి అన్నది ఆయన తెచ్చిన కబురు.

ఆ కబురుని అందరికంటే ముందు ఒప్పుకున్నది ఓ స్త్రీ. పేరు జిగొన్సాసే. యుద్ధానికి వెళ్లేవాళ్ల దారిలో ఆమె ఇల్లు. ఎటువైపు వాళ్లొచ్చినా అన్నం పెట్టి పంపేది. మొదట ఒప్పుకున్నది ఆడమనిషి కాబట్టి నాయకుల్ని నిలబెట్టే హక్కు ఆడవాళ్లదే అన్నాడట శాంతిదూత.

రెండో మనిషి హయవాథా. ఈ పేరు మీలో కొందరు వినే ఉంటారు. లాంగ్‌ఫెలో 1855లో ఆ పేరుతో ఓ పెద్ద కావ్యం రాశాడు. చిత్రమేమిటంటే అందులో కథ ఈయనది కానేకాదు. ఒజిబ్వే అనే వేరే జాతి కథలకు ఈ పేరు తగిలించాడంతే! అసలు హయవాథా బిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రి. ఒనొండాగాలో టడొడాహో అనే క్రూరుడైన నాయకుడు ఉండేవాడు. తలనిండా పాములే జుట్టు. హయవాథా కూతుళ్ల చావుకి అతని మంత్రాలే కారణమంటారు. దుఃఖంతో మతి చెడి హయవాథా అడవులు పట్టాడు. ఒక చెరువు దగ్గర గవ్వలు దొరికితే వాటిని దారాలకు గుచ్చాడు. నాలా ఏడ్చే మనిషి ఎదురైతే ఈ దండలు చేతపట్టుకుని ఓదారుస్తానే అనుకున్నాడు. తనని ఓదార్చడానికి మాత్రం ఎవరూ రాలేదు.

చివరికి శాంతిదూత వచ్చాడు. ఆ దండలే ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకున్నాడు. ఒక దండతో కన్నీళ్లు తుడిచాడు. మళ్లీ లోకం కనపడాలని. ఒక దండతో చెవుల్లో నిండిన దుమ్ము తీశాడు. మళ్లీ మాట వినపడాలని. ఇంకో దండతో గొంతుకి అడ్డుపడ్డ దుఃఖం తీశాడు. మళ్లీ మాట్లాడగలగాలని. అప్పుడు గానీ హయవాథా మనసు కుదుటపడలేదు. ఆ తర్వాతే ఇద్దరూ కలిసి జాతుల దగ్గరికి బయల్దేరారు.

ఇది చెప్పి ఆ పెద్దావిడ ఒక మాటన్నారు. ఇప్పటికీ తమ నాయకుడు ఎవరైనా పోతే ముందు ఈ ఓదార్పు జరగాల్సిందేనట. దుఃఖంలో ఉన్న పక్షాన్ని దుఃఖం లేని పక్షం వచ్చి ఓదారుస్తుంది. కళ్లు, చెవులు, గొంతు... ఆ వరసలోనే. అదయ్యాకే కొత్త నాయకుణ్ని నిలబెట్టడం, పోయినాయన పేరే అతనికి పెట్టడం. ఏడుపు గొంతులోనే ఉన్న మనిషిని కూర్చోబెట్టి రాజకీయం మాట్లాడరు.

దీన్ని తెలుగులో చెప్పాలి. చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అమ్మ వైపు చూడలేదు. పెద్దకర్మ రోజు వరండా గుర్తొచ్చింది.

శత్రువుకే పెద్దపీట

జాతులు ఒక్కొక్కటే ఒప్పుకుంటూ వచ్చాయి. సెనెకాలు ఒప్పుకునే సమయంలో పట్టపగలు సూర్యుడు నల్లబడ్డాడట. ఆ గ్రహణాన్నిబట్టి లెక్కగట్టి అది 1142 ఆగస్టు 31 అని ఇద్దరు పరిశోధకులు 1997లో ప్రకటించారు. కాదు, 1451 నాటి గ్రహణమని కొందరు, అంతకంటే తర్వాతేనని మరికొందరు చరిత్రకారులు వాదిస్తారు. ఏ లెక్క పట్టుకున్నా యూరప్ వాళ్లు ఈ సరస్సుల దగ్గర కాపురం పెట్టకముందు మాటే.

చివరిదాకా మొండికేసింది టడొడాహో. అతణ్ని చంపలేదు, వెలివేయలేదు. పాటలు పాడుతూ దగ్గరికెళ్లి అతని జుట్టులోని పాముల్ని దువ్వి తీసేశారు. సభ నిప్పు నీ ఊళ్లోనే ఉంటుంది, దాన్ని కాపాడే పెద్దవు నువ్వే అన్నారు. బిడ్డల్ని పోగొట్టుకున్న హయవాథా కూడా ఆ మాట మీదే నిలబడ్డాడు. ఈ నాటికీ మహాసభకి పెద్దగా ఉండే ఒనొండాగా నాయకుడి బిరుదు టడొడాహోనే.

ఇదంతా జరిగింది మేం కూర్చున్న ఆ సరస్సు ఒడ్డునేనని వాళ్ల నమ్మకం. అక్కడ ఓ తెల్ల పైన్ చెట్టుని పెకలించి, ఆ గోతిలో ఆయుధాలన్నీ పడేసి, చెట్టుని మళ్లీ నాటారు. దాని ఆకులు అయిదేసి చొప్పున గుత్తిగా ఉంటాయి. నాలుగు దిక్కులా తెల్లటి వేళ్లు. ఎవరైనా సరే ఆ వేళ్లు పట్టుకుని నీడలోకి రావచ్చు. కొమ్మ చివర గద్ద. దూరంగా వచ్చే ముప్పుని చూసి చెప్పడానికి.

చేతులెత్తని సభ

మహాసభలో యాభై మంది. మోహాకులు 9, ఒనైడాలు 9, ఒనొండాగాలు 14, కయూగాలు 10, సెనెకాలు 8. ఒనొండాగాలకు ఎక్కువమంది ఉన్నారు కదా, వాళ్ల మాటే నెగ్గుతుందా అని మరిది అడిగాడు. నాకూ అదే అనుమానం వచ్చింది. కానీ అక్కడ ఓట్లే ఉండవు! లెక్కపెడితే కదా ఎక్కువ తక్కువలు.

సభ మొదలవగానే సమస్యలోకి దిగరు. ముందు కృతజ్ఞతలు చెప్పుకుంటారు. మనుషులకి, నేలకి, నీళ్లకి, చేపలకి, పంటలకి, చెట్లకి, పక్షులకి, గాలికి, ఉరుములకి, సూర్యుడికి, చంద్రుడికి, చుక్కలకి... ఒక్కొక్కటి అయ్యాక మనందరి మనసూ ఒక్కటే అనుకుంటారు. ఆ తర్వాత అసలు విషయం. మొదట అన్నలైన మోహాకులు, సెనెకాలు మాట్లాడుకుంటారు. ఒక మాట మీదికి వచ్చాక దాన్ని నిప్పుకి అవతలి వైపు కూర్చున్న తమ్ముళ్లకి, అంటే ఒనైడాలకి, కయూగాలకి అందిస్తారు. వాళ్లూ ఆలోచిస్తారు. రెండు వైపులా ఒక్కటైతే ఒనొండాగాలు ఖాయం చేస్తారు. కుదరకపోతే మళ్లీ మొదటికి. అప్పటికీ కుదరకపోతే ఆ విషయం పక్కన పెడతారు. అరగంటలో తేల్చేయడమన్నది ఉండదు.

అందరూ ఒప్పుకున్నదే నిర్ణయం. ఏ నిర్ణయమైనా ఏడోతరం పిల్లల మీద ఎలా పడుతుందో చూసుకోవాలి. నాయకుడి చర్మం ఏడు జానల మందం ఉండాలి. ఎవరు ఎంత మాటన్నా కోపం లోపలికి దిగకూడదని. ఈ కొలత విని అమ్మ నవ్వింది. నాన్న పోయాక అమ్మ పైకి నవ్వగా నేను చూడటం అదే మొదలు.

కొమ్ములు పెట్టేదీ తీసేదీ ఆవిడే

ఇక వంశమాత సంగతి. ప్రతి నాయకుడి బిరుదూ ఒక తల్లి వంశానికి చెందుతుంది. ఆ వంశానికి పెద్ద దిక్కయిన స్త్రీయే వంశమాత. నాయకుడు ఎవరన్నది తమ వంశంలోని ఆడవాళ్లతో ఆలోచించి ఆవిడే చెబుతుంది. చిన్నప్పటి నుంచీ పిల్లల్ని చూస్తూ ఉంటుంది కదా... ఎవరు వింటారు, ఎవరు కోపిష్ఠి, ఎవరు పంచుకుని తింటారు అన్నది ఆవిడకి తెలియకుండా ఉండదు. ఎంచుకున్నాక అతని తలకి జింక కొమ్ములు పెడతారు. అదే అధికార చిహ్నం. దారి తప్పితే వంశమాత హెచ్చరిస్తుంది. మూడుసార్లు. అప్పటికీ మారకపోతే కొమ్ములు తీసేయిస్తుంది. మర్నాటి నుంచీ అతను మామూలు మనిషే!

యుద్ధం ఆడవాళ్లకి నచ్చకపోతే దారిబత్తెం ఇవ్వరు. ఎండు మొక్కజొన్న పిండీ, తోలు చెప్పులూ వాళ్ల చేతిలోవే మరి. లఫిటో అనే ఫ్రెంచి మతగురువు 1724లోనే అచ్చువేసిన పుస్తకంలో అసలు అధికారమంతా ఇక్కడి ఆడవాళ్లదేనని ఆశ్చర్యపోతూ రాశాడు. సిరక్యూస్‌కి పడమర గంట ప్రయాణంలో సెనెకా ఫాల్స్ ఉంది. అమెరికాలో ఆడవాళ్ల హక్కుల కోసం తొలి మహాసభ 1848లో జరిగింది అక్కడే. ఆ ఉద్యమంలో ముఖ్యురాలైన మటిల్డా జోస్లిన్ గేజ్ ఈ పొరుగువాళ్లని చూసి ఎంతో రాసింది. 1893లో మోహాకులు ఆమెని తమ తోడేలు వంశంలోకి తీసుకున్నారు. అమెరికా రాజ్యాంగం ఆడవాళ్లకి ఓటు హక్కు ఇచ్చింది 1920లో!

''మగవాళ్లు ఒప్పుకునేవాళ్లా?'' అంది అమ్మ.

ఆవిడ గట్టిగా నవ్వేశారు. ''వాళ్లని పెంచిందెవరు?'' అన్నారు.

నిప్పు ఆరిన రోజు

ఇదేదో స్వర్గమని చెప్పడం లేదు. ఇదే కూటమి పదిహేడో శతాబ్దంలో పొరుగు జాతులతో భీకరమైన యుద్ధాలు చేసింది. తమలో తాము కూడా విడిపోయిన రోజుంది.

1744లో లాంకాస్టర్ ఒప్పంద సభలో ఒనొండాగా నాయకుడు కనసాటెగో బ్రిటిష్ వలస రాష్ట్రాలకు ఒక సలహా ఇచ్చాడు. మాలా మీరూ కలిసుండండి అని. ఆ ఒప్పందాన్ని అచ్చువేసింది బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఈ ఆరు జాతులూ కలిసి ఉండగా మనకెందుకు చేతకాదని 1751లో ఓ ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరంలోనే వాళ్లని అనాగరికులనీ అన్నాడు! అమెరికా రాజ్యాంగం మీద వీళ్ల ప్రభావం ఎంతన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అమెరికా కాంగ్రెస్ మాత్రం 1988లో ఆ రుణాన్ని ఒప్పుకుంటూ తీర్మానం చేసింది.

ఆ అమెరికా పుట్టుకే వీళ్లకి శాపమైంది. స్వాతంత్ర్య యుద్ధంలో ఎటు ఉండాలన్న దాని మీద మనసులు కలవలేదు. 1777 జనవరిలో ఒనొండాగాలో అంటువ్యాధి వచ్చి నాయకులు సహా ఎందరో పోయారు. సభ నిప్పు ఆరిపోయిందని కబురు వెళ్లింది. ఆ ఆగస్టులోనే ఒరిస్కనీ దగ్గర ఒనైడాలు అమెరికన్ల పక్షాన, మోహాకులు, సెనెకాలు బ్రిటిష్ పక్షాన నిలబడి ఒకరి మీద ఒకరు ఆయుధం ఎత్తారు. 1779లో వాషింగ్టన్ పంపిన సైన్యం నలభైకి పైగా ఊళ్లని తగలబెట్టింది. కోతకొచ్చిన మొక్కజొన్న చేలనీ వదల్లేదు. వాళ్ల భాషలో వాషింగ్టన్‌కి 'ఊళ్లని నాశనం చేసేవాడు' అని పేరు.

''అంత మంచి పద్ధతి ఉండి కూడానా!'' అంది అమ్మ. ఎవరో బంధువుల ఇంట్లో జరిగినట్టు బాధపడింది.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. యుద్ధం తర్వాత కొందరు కెనడాలోని గ్రాండ్ నది ఒడ్డుకి వెళ్లి అక్కడ నిప్పు రాజేసుకున్నారు. ఇక్కడా మళ్లీ రాజుకుంది. 1794 కనన్‌డైగ్వా ఒప్పందం ప్రకారం అమెరికా ప్రభుత్వం నేటికీ ఏటా వాళ్లకి బట్ట తాన్లు పంపుతుంది. తాను చిన్నదే. కానీ తమని వేరే దేశంగా గుర్తించినదానికి అదే సాక్ష్యమని వాళ్లు వదులుకోరు. 1923లో కయూగా నాయకుడు డెస్కాహే తమ సొంత పాస్‌పోర్టుతో జెనీవా వెళ్లి నానాజాతి సమితి తలుపు తట్టాడు. మర్నాటి ఏడే కెనడా గ్రాండ్ నది దగ్గర సంప్రదాయ సభని తోసేసి ఎన్నికలు పెట్టింది. ఆ సభ మాత్రం ఆగలేదు. ఇప్పటికీ కూర్చుంటోంది. 2010లో బ్రిటన్ ఆ పాస్‌పోర్టులను ఒప్పుకోకపోతే ప్రపంచ లాక్రోస్ పోటీలనే వదులుకున్నారు వాళ్ల ఆటగాళ్లు. ఆ ఆట పుట్టిందే వాళ్ల దగ్గర!

పోయినవి కొన్ని తిరిగొస్తున్నాయి కూడా. అయిదు జాతుల కలయికని ఊదా, తెలుపు గవ్వల పూసలతో అల్లిన హయవాథా పట్టీ ఏళ్లతరబడి న్యూయార్క్ రాష్ట్ర మ్యూజియంలో ఉండిపోయింది. 1989లో మరో పదకొండు పట్టీలతో కలిపి ఒనొండాగాలకి తిరిగిచ్చారు. 2022లో సిరక్యూస్‌కి దక్షిణాన వెయ్యెకరాలకు పైగా అడవిని వాళ్లకి ఇచ్చేస్తున్నట్టు ప్రకటించారు. కిటికీలోంచి కనిపిస్తున్న సరస్సు మాత్రం కర్మాగారాల పాదరసంతో పాడైంది. 1940లోనే అందులో ఈత నిషేధించారు. శుద్ధి చేయడానికి ఎంత ఖర్చుపెట్టినా గాయం పూర్తిగా మానలేదు. తమ ధర్మం పుట్టిన నీళ్లు అవి.

కళ్లు, చెవులు, గొంతు

ఆ రాత్రి చెల్లి పడుకుంది. వంటగదిలో అమ్మ చింతపండు నానేస్తోంది. పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. ఇల్లు గురించి అడుగుదామనుకున్నాను. అప్పుడే ఆ గవ్వల దండలు గుర్తొచ్చాయి. వరస తప్పకూడదు కదా!

''నాన్న ఆఖరి రోజున నీతో ఏమన్నారమ్మా?'' అన్నాను.

ఏడు నెలల్లో ఆ మాట అమ్మని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఏడుస్తుందని భయం. అమ్మ చెయ్యి తుడుచుకుని నా పక్కన కూర్చుంది. రెండింటి దాకా చెప్పింది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాన్న చెప్పిన జోకు ఒకటి చెప్పి నవ్వింది కూడా. ఇల్లు సంగతి ఆ రాత్రి ఎత్తలేదు.

మూడోరోజు అడిగాను. ''అమ్మా, నీకెక్కడ ఉండాలనుంది?''

ఇల్లు అమ్మొద్దంటుందని, వాళ్లందరితో పోట్లాడైనా ఆ ఇల్లు నిలబెట్టాలని లోపల సిద్ధమైపోయాను. అమ్మ చెప్పింది వేరు. ''ఆ ఇల్లు అమ్ముకుంటే అమ్ముకోండే. రాత్రిళ్లు నాకూ భయంగానే ఉంటోంది. కానీ ఆర్నెల్లకోసారి సంచి సర్దుకుని తిరగడం నా వల్ల కాదు. తెనాలిలో మా సుబ్బులు ఇంటి పక్కన రెండు గదులు చాలు. గుడికి నడిచి వెళ్లొచ్చు. మీరెవరొచ్చినా అది నా ఇల్లు అయి ఉండాలి.''

అమ్మేద్దామన్నవాళ్లూ అమ్మనడగలేదు. అమ్మొద్దని మనసులో వాదించుకున్న నేనూ అడగలేదు!

అన్నయ్యకి ఫోన్ చేశాను. ఇల్లు నాన్న స్వార్జితం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిల్లలం ముగ్గురితో పాటు అమ్మకీ అందులో సమాన వాటా ఉంది. ఆ మాటతోనే మొదలెడదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ముందు వాడి కళ్లు తుడవాలి కదా. నాన్న పోయిన రోజు హైదరాబాద్ నుంచి వచ్చేసరికి చూపు దక్కలేదన్న బాధ వాడిది. దాని గురించే గంటసేపు మాట్లాడుకున్నాం. ఇంటి సంగతి తర్వాతి వారం చెప్పాను. ''అమ్మ అలా అందా?'' అన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

ఒక్క ఫోన్‌తో తేలలేదు. ''నలుగురూ ఏమనుకుంటారు? కొడుకు చూడటం లేదనుకోరూ'' అన్నాడు పెదనాన్న. బాబాయి అలిగాడు. అన్నయ్య నుంచి బాబాయికి, బాబాయి నుంచి పెదనాన్నకి, అక్కడి నుంచి మళ్లీ మాకు... మాట నిప్పుకి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఈలోగా చెల్లికి ఆడపిల్ల పుట్టింది. నా సెలవు అయిపోయింది. అమ్మని బాలింత దగ్గర వదిలి నేనొక్కదాన్నే తిరిగొచ్చాను. నాలుగు నెలలు పట్టింది అందరూ ఒక మాట మీదికి రావడానికి.

మొన్న సంక్రాంతి తర్వాత తెనాలిలో అమ్మ పాలు పొంగించింది. రెండు గదులు, ఒక వరండా. పెదనాన్న, బాబాయిలు, మావయ్య అందరూ వచ్చారు. పాత ఇల్లు అమ్మిన డబ్బులో మిగిలింది ఏం చేయాలన్న మాట వచ్చింది. కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. అమ్మ కాఫీ పెడదామని లోపలికి వెళ్లబోయింది.

''కాఫీ నేను కలుపుతాను. నువ్వొచ్చి ఇలా కూర్చోమ్మా'' అన్నాడు అన్నయ్య.

పంచదార డబ్బా ఎక్కడుందో వాడికి తెలీదు. వెళ్లి చూపించాను.